పురిటిగది గడప, ఎమ్మార్వో బల్ల

పొద్దున ఏడు కాకముందే అమీర్‌పేట హాస్టళ్ల సందుల్లోంచి నర్సులు బయల్దేరతారు. భుజాన సంచి, చేతిలో టిఫిన్ డబ్బా. కొందరు పంజగుట్ట నిమ్స్ వైపు నడుస్తారు. కొందరు ఎర్రమంజిల్, సోమాజిగూడల ప్రైవేటు ఆసుపత్రుల వైపు పోతారు. కొందరు ఖైరతాబాద్ మీదుగా బస్సులో రెడ్‌హిల్స్ నీలోఫర్‌కు చేరతారు. సాయంత్రమైతే వాళ్ళలోనే కొందరు కోచింగ్ సెంటర్ల మెట్ల మీద కూచుని స్టాఫ్ నర్సు పరీక్షకు చదువుకుంటూ కనిపిస్తారు. జిల్లాల మాలవాడల నుంచి, మాదిగవాడల నుంచి వచ్చినవాళ్ళు వీళ్ళలో తక్కువేమీ కాదు. మాకు తెలిసిన కొందరికి రెండేసి పేర్లున్నాయి. ఆదివారం చర్చిలో పిలిచే పేరు ఒకటి, సర్టిఫికెట్‌లో ఉన్న పేరు ఒకటి. ఎందుకిలా అని మేం వాళ్ళను అడగలేదు. అడగాల్సిన అవసరం మాకు లేదు. మా ఇంట్లోనే అలాంటి మనిషి ఉంది.

మతవిశ్వాసం ప్రభుత్వ ఉద్యోగాల్లో, ఆడవాళ్ళ ఆరోగ్యంలో జోక్యం చేసుకోవడం గురించి మాట్లాడేటప్పుడు మన మేధావులు అమెరికా కోర్టులను, గర్భస్రావం చట్టాలను ఉదాహరణగా చూపిస్తారు. అది తప్పని మేం అనం. కానీ అంతదూరం పోకుండానే, కాన్పు గదిలో ఎవరుండాలి, ఎవరుండకూడదు, ఆ గదిలో పనిచేసినవాళ్ళకు సర్కారు నౌకరీ దక్కాలా వద్దా అనే ప్రశ్నలను మన దగ్గర మతం ఎట్లా తేల్చిందో చెప్పడానికి రెండు తరాల మా ఇంటి చరిత్ర చాలు. రాజ్యాంగం రాకముందు పురిటిగది గడప దగ్గర తేల్చింది. రాజ్యాంగం వచ్చాక ఎమ్మార్వో బల్ల మీద తేలుస్తోంది.

మా నాయినమ్మ మంత్రసాని. ఊళ్ళో అన్ని కులాల ఇళ్ళల్లో పురుళ్ళు పోసింది. తెలంగాణ పల్లెల్లో ఈ పని కొన్నిచోట్ల మంగలి స్త్రీలది, కొన్నిచోట్ల చాకలి స్త్రీలది, చాలాచోట్ల మాదిగ, మాల స్త్రీలది. ఒకే ఊళ్ళో పని పంచుకున్న సందర్భాలూ ఉన్నాయి. బిడ్డను పట్టేది ఒకరు, బొడ్డు కోసి మాయను పూడ్చేది ఇంకొకరు. అడుగున ఉన్న కులం చేతికి మాయ వచ్చేది. మామూలు రోజుల్లో మా నాయినమ్మ దొర ఇంటి వాకిలి దాటి లోపలికి పోకూడదు. నొప్పులు మొదలైన రాత్రి మాత్రం దొర జీతగాడే లాంతరు పట్టుకొని మాదిగవాడకు వచ్చేవాడు. ఆ రాత్రికి వాకిలి లేదు, గడప లేదు, అంటు లేదు. దొరసాని ఒళ్ళు ముట్టుకోవచ్చు. ఆమె తల ఒళ్ళో పెట్టుకోవచ్చు, ఆమె కడుపులోంచి వచ్చే వారసుణ్ణి రెండు చేతులతో పట్టుకోవచ్చు. తెల్లారి పురిటిగది అలికి, గుడ్డలు చాకలికి వేసి, స్నానాలు అయిపోయాక అంటు మళ్ళీ వచ్చి గడప మీద కూచునేది. కూలిగా చేటెడు వడ్లు, ఒక పాత చీర. ఆ చీర కూడా పురిట్లో కట్టిందే. మైలపడ్డది కాబట్టి ఇచ్చారు.

మేం ఎమ్.ఏ.లో ఉన్నప్పుడు నాయినమ్మను అడిగినం, నీకు కోపం రాకపోయేదా అని. "కోపమెందుకు బిడ్డా, మైల మాకంటేది, బిడ్డ ఆళ్ళకు దక్కేది. గదే లెక్క" అన్నది. విశ్వవిద్యాలయంలో మేం చదివిన సిద్ధాంతాల్లో ఇంత పొదుపుగా చెప్పిన వాక్యం మాకు దొరకలేదు.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలనే సామెతను ఇవాళ మంత్రుల మీద, సినిమావాళ్ళ మీద నవ్వులాటకు వాడుతున్నారు. ఆ "ఏదొచ్చినా" అన్న మాటలో ఉన్న మలం, నెత్తురు, ఉమ్మనీరు ఎవరి చేతుల మీద పడ్డాయో నవ్వేవాళ్ళకు గుర్తుండదు. మనుస్మృతి అయిదో అధ్యాయం చావుకు విధించినట్టే పురుడుకూ అశౌచం విధించింది. పుట్టుకే మైల అయినప్పుడు పుట్టించే చేయి శుద్ధమైన కులానిది కావడానికి వీల్లేదు. ఈ దేశంలో ప్రసూతి వైద్యం అనే విద్య వేల ఏళ్ళుగా అంటరాని ఆడవాళ్ళ చేతుల్లో ఉండడానికి కారణం ఇదే. వాళ్ళ మీద గౌరవం కాదు, ఆ పని మీద అసహ్యం.

హైదరాబాద్ సంస్థానంలో ఆధునిక వైద్యం వచ్చినప్పుడు ఏం జరిగింది? 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో 1885 నాటికి, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ కాలంలో, ఆడవాళ్ళను చేర్చుకున్నారు. వాళ్ళలో ఒకరైన పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో హకీం పట్టా పొందింది. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తువైద్యురాలని ఆమెను చెబుతారు. హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ల పరిశోధనలు జరిగింది కూడా ఆ రోజుల్లోనే, 1888, 1889లలో. మనం గర్వపడాల్సిన సంగతే. కానీ ఆడ డాక్టర్ల అవసరం సర్కారుకు ఎందుకు కలిగిందో కూడా చూడాలి. పరదాలో ఉన్న స్త్రీని పరాయి మగవాడు చూడకూడదు. ముస్లిం నవాబు ఇంట్లోనైనా, హిందూ జాగీర్దారు ఇంట్లోనైనా అదే కట్టుబాటు. ఆ కట్టుబాటు కోసం జనానా ఆసుపత్రులు వచ్చాయి, లేడీ డాక్టర్ల కొలువులు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పాతబస్తీలో వెలసిన విక్టోరియా జనానా ఆసుపత్రి పేరులోనే ఆ సంగతి ఉంది. అంటే మతాచారం ఒక వర్గం ఆడవాళ్ళకు ఉద్యోగాలు పుట్టించింది. చదువుకున్న పార్సీ, యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ స్త్రీలకు అది మేలే చేసింది. మైల అనే మరో మతాచారం పుట్టించిన మంత్రసానికి మాత్రం ఆ కొలువుల పట్టికలో చోటు లేదు.

చోటు లేకపోవడమే కాదు, నేరస్థురాలి స్థానం ఇచ్చారు. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫ్రిన్ పేరిట ఏర్పడిన నిధి, 1903లో లేడీ కర్జన్ మొదలుపెట్టిన విక్టోరియా స్మారక నిధి దాయీలకు శిక్షణ ఇవ్వాలని బయల్దేరాయి. మంచి ఉద్దేశమే. కానీ బాలింతల చావులకు మురికి చేతుల దాయీయే కారణమనే మాట ఆ కాలం నివేదికల్లో స్థిరపడిపోయింది. 1927లో కేథరిన్ మేయో 'మదర్ ఇండియా'లో దాయీ అంటరానిదని, పుట్టుక అశుద్ధమనే నమ్మకమే ఆ పనిని ఆమెకు అంటగట్టిందని రాసింది. ఆమె ఉద్దేశం స్వరాజ్యానికి అడ్డుపడడం. దానికి గాంధీ మురికికాల్వల ఇన్‌స్పెక్టరు నివేదిక అని జవాబిచ్చాడు. జాతీయవాదులు మేయోను కొట్టిపారేయడంలో చూపిన పట్టుదల దాయీ విషయంలో చూపించలేదు. ఆమె చేతులు మురికిగా ఉన్నాయంటే నీళ్ళ బావి ఎవరిది? ఆమెను బావి దగ్గరికి రానివ్వని ఊరే ఆమె గోళ్ళలో మట్టి ఉందని ఫిర్యాదు చేసింది. ఈ ఒక్క ప్రశ్న అటు తెల్లదొరలూ అడగలేదు, ఇటు ఖద్దరు దొరలూ అడగలేదు.

మాదిగ, మాల ఆడపిల్లల చేతికి సబ్బూ, నీళ్ళూ, పుస్తకమూ ఇచ్చింది మిషన్లు. ఇది చెప్పడానికి మేం మొహమాటపడం. అట్లాగని మిషన్లను నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. గుంటూరులో లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898 నాటికి ఆడవాళ్ళ ఆసుపత్రి నిలబెట్టింది. మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు, హనుమకొండ, నల్గొండల్లో అమెరికన్ బాప్టిస్టులు ఆసుపత్రులు పెట్టారు. మాల మాదిగలు వేలుగా మతం మారిన జిల్లాలూ ఇవే. అగ్రకులాల ఇళ్ళల్లో నర్సు పని పేరెత్తితే ముఖం చిట్లించేవాళ్ళు. పరాయి మగవాడి ఒంటిని తుడవాలి, బెడ్‌పాన్ ఎత్తాలి, ఏ కులపువాడి నెత్తురైనా ముట్టాలి. కాబట్టి మిషన్ నర్సింగ్ స్కూళ్ళ బెంచీల మీద మన పిల్లలు కూచున్నారు. మా నాయినమ్మ మైలే మా చిన్నమ్మకు తెల్ల యూనిఫాం అయింది. పని మారలేదు. పేరు మారింది, జీతం వచ్చింది, పక్కన థర్మామీటరు చేరింది. అదే చాలా పెద్ద మార్పు.

1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే దేశం మొత్తం మీద నర్సులు సుమారు 7,000. అంటే 43,000 మందికి ఒకరు. మంత్రసాని శిక్షణ పొందినవాళ్ళు సుమారు 5,000, అరవై వేల మందికి ఒకరు. స్వతంత్ర దేశానికి అన్నిటికన్నా ముందు కావలసింది ఈ ఆడవాళ్ళే. ఆ దేశపు మొదటి ఆరోగ్యమంత్రి కూడా ఒక స్త్రీ, అందునా క్రైస్తవురాలు.

రాజకుమారి అమృత్ కౌర్ కథను కొంచెం నిదానంగా చెప్పాలి. కపుర్తలా రాజవంశంలో పుట్టింది. తండ్రి హర్నామ్ సింగ్ క్రైస్తవం తీసుకున్నాడు. ఆమె ఆ మతంలోనే పెరిగింది, గాంధీకి శిష్యురాలయింది, 1947 నుంచి 1957 దాకా కేంద్రంలో ఆరోగ్యశాఖ నడిపింది. ఎయిమ్స్ నిలబెట్టిన ఘనత ఆమెది. ఢిల్లీలో ఒక నర్సింగ్ కళాశాల ఆమె పేరునే ఉంది. ఇవన్నీ ఒప్పుకుంటూనే ఇంకో సంగతి. గర్భనిరోధక సాధనాలు నీతికి విరుద్ధమని గాంధీ నమ్మాడు. బ్రహ్మచర్యమే మార్గమన్నాడు. ఆమె కూడా అదే నమ్మింది. 1951లో ఆమె శాఖ ప్రపంచ ఆరోగ్య సంస్థను పిలిచి, డాక్టర్ అబ్రహాం స్టోన్ సలహాతో, నెలలో 'క్షేమమైన రోజులు' లెక్కపెట్టుకునే పద్ధతిని పరీక్షకు పెట్టింది. చదువురాని ఆడవాళ్ళకు రంగురంగుల పూసల దండలిచ్చారు. రోజుకొక పూస జరపాలి, పచ్చపూస వచ్చిన రోజు భయం లేదు, ఎర్రపూస వచ్చిన రోజు భర్తను దూరం పెట్టాలి. భర్తను దూరం పెట్టే హక్కు ఏ ఇంట్లో ఏ ఆడదానికి ఉందో ఆ పథకం రాసినవాళ్ళు అడగలేదు. 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం ప్రకటించిన తర్వాత కూడా మొదటి ఏళ్ళు ఈ పూసల చుట్టూనే తిరిగాయి. ఒక మంత్రి విశ్వాసం ఒక దేశపు ఆడవాళ్ళ గర్భాల మీద విధానమై కూచోవడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ మనకు అక్కర్లేదు.

దీని పక్కన ఇంకొకరిని నిలబెట్టి చూడాలి. 1928లో బొంబాయి శాసనమండలిలో కూలి స్త్రీల ప్రసూతి భృతి బిల్లును సమర్థిస్తూ, ఆ భారంలో ప్రభుత్వానికీ బాధ్యత ఉండాలని వాదించింది డాక్టర్ అంబేద్కర్. 1938లో బొంబాయి శాసనసభలో గర్భనిరోధాన్ని ప్రభుత్వమే ప్రచారం చేయాలని తీర్మానం పెట్టించింది ఆయన స్వతంత్ర లేబర్ పార్టీ. తీర్మానం ఓడిపోయింది. స్వతంత్ర భారత మొదటి మంత్రివర్గంలో ఆయనా ఉన్నాడు, ఆమే ఉంది. ఆయనకు న్యాయశాఖ, ఆమెకు ఆరోగ్యశాఖ. శాఖలు అటుదిటుగా ఉంటే పూసల దండలు వచ్చేవా అని మాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. చరిత్ర రాసేవాళ్ళు ఇలాంటివి అనుకోకూడదంటారు.

పూసల కన్నా మా ఇంటిని తాకింది ఇంకో కాగితం. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వెలువడింది. దాని మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవాళ్ళు షెడ్యూల్డ్ కులం కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు. రాజుగారి బిడ్డ క్రైస్తవురాలై కేంద్రమంత్రి కావచ్చు, ఆమె మతం ఎవరికీ అడ్డం రాలేదు. రాకూడదు కూడా. ఆమె శాఖ కిందే బెడ్‌పాన్ ఎత్తే మాల నర్సు క్రైస్తవురాలైతే మాత్రం ఆమె మాల కాకుండా పోయింది. మతం మారితే కులం పోతుందని ఢిల్లీలో రాసుకున్నారు. మా ఊళ్ళో చర్చి మాదిగవాడలోనే ఉంది. ఊరి నడుమకు ఎవరూ జరపలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1970లో అనంతరామన్ కమిషన్ తర్వాత వెనుకబడిన తరగతులను నాలుగు గ్రూపులు చేసినప్పుడు, మతం మారిన షెడ్యూల్డ్ కులాలవాళ్ళకు, వాళ్ళ సంతానానికి బి.సి. 'సి' అనే గ్రూపు పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. రోస్టర్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఈ ఒక్క శాతం అర్థం చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాం. నియామకాలకు వంద పాయింట్ల చక్రం ఉంటుంది. వందలో షెడ్యూల్డ్ కులాలకు పదిహేను, బి.సి. 'సి'కి ఒకటి. ఒక జిల్లాలో ఒక కేడరులో ఏడాదికి పది పోస్టులు భర్తీ చేస్తే ఆ ఒక్క పాయింటు వంతు వచ్చేసరికి పదేళ్ళు పట్టవచ్చు. వంతు వచ్చే నాటికి వయోపరిమితి దాటిపోతుంది. బాప్తిస్మం తీసుకున్న నర్సు పదిహేను పాయింట్ల వరసలోంచి లేచి ఒక్క పాయింటు వరసలో నిలబడాలి.

కోర్టులు ఏమన్నాయి? 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసు మన గడ్డ మీదిదే. తల్లిదండ్రులు మాదిగలు, క్రైస్తవం తీసుకున్నారు. కొడుకు శుద్ధి చేయించుకొని హిందువై, మెడికల్ సీటుకు షెడ్యూల్డ్ కులం కింద దరఖాస్తు చేశాడు. పుట్టుకతో హిందువు కాదని కాలేజీ సీటు తీసేసింది. సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, తిరిగి హిందువైన మనిషిని ఆ కులస్థులు తమవాడిగా ఒప్పుకుంటే అతను ఆ కులంలోకి వస్తాడని తేల్చింది. విద్యార్థికి మేలు జరిగింది, సంతోషం. కానీ తీర్పు సారం చూడండి. డాక్టరు కావడానికి మార్కులతోపాటు ఒక హోమగుండం కూడా కావాల్సి వచ్చింది. 1985లో సూసై కేసులో, మతం మారినా అదే దుస్థితి కొనసాగుతోందని ఆధారాలు చూపాలి అంటూ తమిళనాడు క్రైస్తవ చెప్పులు కుట్టే మనిషి పిటిషన్ కొట్టేశారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ షెడ్యూల్డ్ కులాల హోదాకు మతంతో ముడి తీసేయమన్నది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2024 నవంబర్‌లో పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ గుమాస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే, ఆమె బాప్తిస్మం తీసుకొని చర్చికి పోతోంది కాబట్టి రిజర్వేషన్ కోసమే హిందువునంటోందని సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆ మాట రాజ్యాంగాన్ని మోసం చేయడమేనన్నది.

ఎవరు ఎవరిని మోసం చేశారు అన్నది మాకు పుస్తకాల ప్రశ్న కాదు. మా చిన్నమ్మ 1980లలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివింది. బళ్ళో వేసినప్పుడు అయ్యవారు రాసిన పేరు వేరు, చర్చిలో పేరు వేరు. సర్కారు పోస్టుకు ఎంపికయ్యాక కులం విచారణకు గిర్దావర్ ఇంటికి వస్తాడని కబురొచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. బైబిలు బియ్యం డబ్బాలోకి పోయింది. గోడ మీది ఏసు పటం దించితే, పటం ఉన్నంత మేర సున్నం తెల్లగా కనబడింది. చుట్టూ పొగచూరిన గోడ, నడిమధ్యన తెల్ల చతురస్రం. నాయినమ్మ బజారుకు పోయి ఎల్లమ్మ క్యాలెండరు తెచ్చి దాని మీద మేకు కొట్టింది. క్యాలెండరు చిన్నదయింది, అంచుల్లో తెలుపు మిగిలింది. గిర్దావర్ చాలాసేపు ఆ గోడనే చూసిండు, చాయ తాగిండు, పోయిండు. ఏం రాసిండో తెలియదు, సర్టిఫికెట్ మాత్రం వచ్చింది. ముప్పై ఏళ్ళు ఆమె లేబర్ రూములో పనిచేసింది, మా నాయినమ్మ చేసిన పనే. నాయినమ్మ గడప దాటి పోయింది, చిన్నమ్మ గోడ మీది పటం దాటి పోయింది.

ఇక నాయినమ్మ సంగతి. 1977 గ్రామీణ ఆరోగ్య పథకం తర్వాత ఊరూరా దాయీలకు శిక్షణ ఇచ్చారు. ఆమెకూ ఇచ్చారు. సబ్బు, బ్లేడు, దారం ఉన్న డబ్బా ఒకటి చేతికొచ్చింది. ఆ డబ్బాను చచ్చేదాకా దాచుకుంది. శిక్షణ ఇచ్చారు గానీ నియామకం ఇవ్వలేదు. 2005లో జననీ సురక్షా యోజన వచ్చాక కాన్పులన్నీ ఆసుపత్రిలోనే అన్నారు. దాయీ అనే మనిషి విధానంలోంచే తప్పుకుంది. ఆసుపత్రి కాన్పు వల్ల బాలింతల ప్రాణాలు దక్కాయి. 2018-20 లెక్కల్లో తెలంగాణలో లక్ష కాన్పులకు 43 మంది తల్లులు చనిపోయారు, దేశం సగటు 97. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళ గుంపులో మేం లేం. ఇంటి కాన్పును పల్లె జ్ఞానమని కీర్తించే నగర మేధావులకు మా నాయినమ్మ చేతుల్లో పోయిన పిల్లల లెక్క తెలియదు. ఆమెకు తెలుసు. రాత్రుళ్ళు పేర్లు తలచుకునేది.

అయితే మైల పోయి హాయిగా ఉన్నామా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. అందులో 60.7 శాతం కోత కాన్పులు, దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. ప్రైవేటులో 81.5 శాతం, సర్కారు దవాఖానాల్లో 44.5 శాతం. దేశం సగటు 21.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే పది, పదిహేను శాతం దాటడానికి కారణం కనబడదన్నది. ఎందుకింత? ప్రైవేటు ఆసుపత్రి బిల్లు ఒక కారణం. నొప్పుల దగ్గర గంటలకొద్దీ కూచునే మనుషులు లేకపోవడం ఇంకో కారణం. వీటి మీద ముహూర్తం వచ్చి కూచుంది. పంతులు పెట్టిన ఘడియకు బిడ్డను తీయాలి. ఆ ఘడియ తెల్లారుజామున నాలుగింటికైనా సరే థియేటరు దీపాలు వెలగాలి. పుట్టుకను మైల అని మన చేతుల్లో పెట్టినవాళ్ళే, ఆ పుట్టుక గాజు తలుపుల గదిలోకి పోయాక దానికి జాతకం రాసిపెడుతున్నారు. ఇందులో మనవాళ్ళ తప్పు లేదనలేం. మాలవాడ నుంచి కూడా పంచాంగం చూపించుకొని వస్తున్నారు. చర్చికి పోయే ఇళ్ళల్లో కూడా అమావాస్య నాడు ఆపరేషన్ వద్దంటున్నారు.

ముహూర్తం రోగం జనానిదే కాదు. ఖైరతాబాద్ పక్కనే, సోమాజిగూడలో రాజ్‌భవన్ ఉంది. 2018 డిసెంబర్ 13న కె. చంద్రశేఖరరావు రెండోసారి ముఖ్యమంత్రిగా అక్కడ ప్రమాణం చేశారు. ఆయన వెంట ఒకే ఒక్క మంత్రి మహమూద్ అలీ. మిగతా మంత్రులు 2019 ఫిబ్రవరి 19న, మాఘ పౌర్ణమి నాడు వచ్చారు. 68 రోజులు రాష్ట్రానికి విడిగా ఆరోగ్యమంత్రి లేడు. మంచిరోజుల కోసం ఆగారని పత్రికలు రాశాయి. రాజకీయ లెక్కలు కూడా ఉండి ఉంటాయి. ముహూర్తం అన్నిటికీ మర్యాదైన సాకు. ఆ పౌర్ణమికి వచ్చిన పదిమందిలో ఒక్క ఆడమనిషి లేదు. 2014 నుంచి 2018 దాకా నడిచిన మొదటి మంత్రివర్గంలోనూ లేదు. 2019 సెప్టెంబర్‌లో గానీ తెలంగాణకు మహిళా మంత్రులు రాలేదు. కాన్పుకు ముహూర్తం మానండని 2022లో ఆరోగ్యమంత్రి టి. హరీశ్‌రావు పలుమార్లు సభల్లో చెప్పారు. సరైన మాటే. వినే తల్లికి నవ్వొచ్చి ఉంటుంది.

ఆ ప్రభుత్వమే 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలుపెట్టి సర్కారు దవాఖానాలో ప్రసవిస్తే 12,000 రూపాయలు, ఆడపిల్ల అయితే 13,000 ఇచ్చింది. అదే ఏడాది, మామూలు కాన్పులు పెంచడానికి ఎంపిక చేసిన స్టాఫ్ నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలైంది. నొప్పులు పడే మనిషి పక్కన కూచోవడం, నడిపించడం, నడుము రాయడం, తొందరపడకపోవడం నేర్పుతారట. మిడ్‌వైఫ్ అంటే మంత్రసానే. శిక్షణలో చెప్పేవాటిలో సగం నాయినమ్మకు వచ్చు. రానిది చేతులు కడుక్కోవడం ఒక్కటే. అది ఆమెకు బావి ఇవ్వనందుకు రాలేదు.

2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చారు. అమీర్‌పేట మెట్ల మీద మేం చూసిన మొహాలు కొన్ని ఆ గుంపులో ఉన్నాయి. ఆ పత్రాలు చేతికి రావడానికి ముందు ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని పటాలు దిగి ఉంటాయో లెక్క తీసే సర్వే లేదు. తీస్తే చెప్పేవాళ్ళూ ఉండరు. 1993 కుల ధ్రువపత్రాల చట్టం కింద సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం కలెక్టర్‌కుంది. ఉద్యోగమూ దాంతోపాటే పోతుంది.

మా చిన్నమ్మ రిటైరయింది. పింఛను కాగితాలు వచ్చిన నెలకు ఎల్లమ్మ క్యాలెండరు మేకు మీదికి పాత పటం ఎక్కింది. ఎల్లమ్మను తీసేయలేదు, పక్క గోడకు జరిపింది. నాయినమ్మ పెట్టింది కదా అన్నది. ఈ వ్యాసంలో తన పేరు రాయమంటావా అని అడిగినం. ఏ పేరు రాస్తరు అని నవ్వింది. రెండూ రాయలేదు, ఊరి పేరు కూడా రాయలేదు.